లహరి తూకానికి తరుగు

మానసిక వైద్యశాలలో కొత్తగా చేరే నర్సమ్మాయిలకు నేను చెప్పే మొదటి సంగతి మందుల పేర్లు కాదు. ముందు మీ దగ్గరున్న బరువు చూసే కాటా మీద ఇరవై కేజీల తూకం రాయి పెట్టి చూడండి. ఇరవై చూపిస్తే రోగిని పిలవండి. పంతొమ్మిదీ ఎనిమిది వందలు చూపిస్తే కాటా బాగుచేసేవాణ్ణి పిలవండి. "రెండొందల గ్రాములేగా సిస్టర్" అన్నవాళ్ళందరితోనూ నేను పోట్లాడాను. జనరల్ వార్డుల్లో ఇరవై రెండేళ్ళు, నరసరావుపేటలో ఒక మానసిక వైద్యుడి దగ్గర పంతొమ్మిదేళ్ళు. మొత్తం నలభై ఒకటి. నా కూడికలు నమ్మకండి, మీరూ కూడి చూసుకోండి.

ఇందులో పేర్లు మార్చాను. అంకెలు మార్చలేదు.

ఒళ్ళు చేస్తే కోలుకున్నట్టేనా

లేని మాటలు వినపడే జబ్బుకూ, అందరూ తనమీద కుట్ర చేస్తున్నారనిపించే జబ్బుకూ మంచి మాత్రలున్నాయి. గొలుసుతో కట్టి తెచ్చిన పిల్లలు మూడు నెలలకు తమ టిక్కెట్టు తామే కొనుక్కుని బస్సెక్కి వెళ్ళడం చూశాను. కాబట్టి ఆ మాత్రలను తిట్టడానికి నేనిది రాయడం లేదు. అయితే వాటిలో కొన్నింటికి ఒక గుణం ఉంది. ఆకలి పెంచుతాయి, నడుము చుట్టూ కొవ్వు పేరుస్తాయి, కొందరిలో రక్తంలో చక్కెర పెంచుతాయి. అందరికీ ఇలా జరగదు. జరిగేవాళ్ళలో మాత్రం చిన్నవయసు వాళ్ళకు తొందరగా జరుగుతుంది, అదీ మొదటి నెలల్లోనే.

మన ప్రాంతంలో ఒళ్ళు చేయడమంటే కోలుకోవడమే. గురజాల నుంచి జిలానీ అనే కుర్రాడు వచ్చేవాడు. ఇరవై ఒక్క ఏళ్ళు, నాన్న లారీ మెకానిక్. ఆరు నెలల్లో పద్నాలుగు కేజీలు పెరిగాడు. మా డాక్టరుగారు వాడి భుజం తట్టి "ఏరా, పెళ్ళికొడుకులా తయారయ్యావే!" అన్నారు. నేను చీటీ మీద "బాగుంది" అని రాశాను. నా చేత్తో రాశాను, కింద సంతకం కూడా పెట్టాను. దాహమేస్తోందని వాడు రోజుకు రెండు పెద్ద సీసాల కూల్‌డ్రింకు తాగుతున్నాడు. ఆ సంగతి మేమెవరమూ అడగలేదు. పదకొండు రోజుల తర్వాత స్పృహ లేకుండా తెచ్చారు. చక్కెర నాలుగు వందల ఎనభై. గుంటూరులో ఆరు రోజులుండి బతికి వచ్చాడు.

వచ్చాక నన్ను చూసి నవ్వుతూ అడిగాడు. "సిస్టర్, పిచ్చి తగ్గింది, షుగరొచ్చింది. దాన్నిచ్చి దీన్ని తీసుకున్నానా ఏంది?"

మర్నాడే ఒక టేపూ, ఒక కొత్త కాటా, రెండు వందల పేజీల పుస్తకం తెప్పించాను. అప్పటి నుంచి మాత్ర మొదలుపెట్టే ప్రతి పిల్లకూ పిల్లాడికీ ముందే బరువు, నడుము కొలత, బి.పి., పరగడుపు చక్కెర, కొవ్వు పరీక్ష. తర్వాత వారం వారం బరువు. డాక్టరుగారు ఆ పుస్తకాన్ని "మా సిస్టరమ్మ మిర్చి యార్డు చిట్టా" అనేవారు. ఎగతాళికే అన్నారు గానీ అది ఎంత నిజమవుతుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మంగళవారం ఫోను

లహరికి పంతొమ్మిదేళ్ళు. మాచర్లలో మిర్చి వ్యాపారం చేసే కోటేశ్వరరావుగారి ఒక్కతే కూతురు, బీకాం రెండో ఏడు. జనవరి మొదటి వారంలో తీసుకొచ్చారు. ఇంట్లో సీలింగు ఫ్యాను తనను పేరుపెట్టి పిలిచి బూతులు తిడుతోందని నలభై రోజులుగా నిద్రలేదు. అన్నంలో ఏదో కలిపారని తినడం మానేసింది. ఆ రోజు నా కాటా మీద యాభై ఒకటీ రెండు వందలు. నడుము ఇరవై ఏడు అంగుళాలు. పరగడుపు చక్కెర ఎనభై నాలుగు. డాక్టరుగారు ఓలాంజపిన్ రాశారు, ఆకలి పెంచే ఆ మాత్రల్లో ఒకటి.

మూడు వారాలకు ఫ్యాను నోరు మూసింది. నాలుగో వారం లహరి కాలేజీ పుస్తకాలు దుమ్ము దులిపింది. తల్లి అన్నపూర్ణమ్మ ఫోనులో ఏడ్చింది, సంతోషంతోనే. "సిస్టరమ్మా, నిన్న మూడుసార్లు కలుపుకుంది. నెయ్యి అడిగింది. నా చేత్తో పెడితే తిన్నది!"

ఆ తల్లితో "నెయ్యి తగ్గించండి" అనడానికి ఎంత గుండె ధైర్యం కావాలో మీరు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు తెలుస్తుంది. నేను అన్నాను. ఆవిడ "అట్నే" అంది. తగ్గించలేదు.

జనవరి నుంచి మిర్చి సీజను. బజారంతా శెట్టిగారని పిలిచే కోటేశ్వరరావుగారికి ఊపిరాడదు. రానూపోనూ నాలుగున్నర గంటలు బస్సులో ఎవరు తిప్పుతారు? అందుకని నేనే దారి చెప్పాను. "మీ కొట్లో కాటా ఉందిగా. ప్రతి మంగళవారం పొద్దున ఖాళీ కడుపున పిల్లను ఎక్కించి, అంకె నాకు ఫోను చేయండి."

"కాటా గురించి మీరు బెంగ పెట్టుకోబాకండి. మాచర్ల బజారంతా మా కాటా మీద నమ్మకం. కాటా వేసేది మా మస్తాను. ముప్పయ్యేళ్ళ నుంచి చేస్తన్నాడు."

"ఇరవై కేజీల రాయి పెట్టి చూశారా?"

"ఏందమ్మా, మమ్మల్నే అనుమానిస్తన్నారా!" అని గట్టిగా నవ్వి, పెట్టి చూసి, ఇరవై ఉందని చెప్పారు.

పదిహేడు మంగళవారాలు ఫోను వచ్చింది, ఒక్కటీ తప్పలేదు. యాభై ఒకటిన్నర, యాభై రెండు, మళ్ళీ యాభై రెండు. చివరిది యాభై మూడున్నర. పదిహేడు వారాల్లో రెండు కేజీల మూడు వందలు. సగటున వారానికి నూట ముప్పై అయిదు గ్రాములు. నేను ఆ సగటు కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి డాక్టరుగారికి చూపించాను. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

దర్జీ మీద పడ్డ నింద

మే నెల మొదటి మంగళవారం లహరి అమ్మానాన్నలతో స్వయంగా వచ్చింది. నేను వరండాలో నిలబడి వాళ్ళకోసమే చూస్తున్నాను. పిల్ల నా పక్కనుంచే లోపలికి వెళ్ళిపోయింది. నేను గుర్తుపట్టలేదు.

కాటా ఎక్కించాను. అరవై నాలుగూ మూడు వందలు.

దించాను. ఇరవై కేజీల రాయి పెట్టాను. ఇరవై. మళ్ళీ ఎక్కించాను. అరవై నాలుగూ మూడు వందలు. నేను ఎక్కాను, డాక్టరుగారి డ్రైవరును ఎక్కించాను, మందుల షాపు అబ్బాయిని ఎక్కించాను. అందరూ ఎప్పుడూ ఉన్నంతే ఉన్నారు. టేపు తీశాను. నడుము ముప్పై మూడున్నర. టేపు అబద్ధం చెప్పదు. ఈ నాలుగు నెలలూ నేను టేపును అడగలేదు, అంతే.

"బట్టలు బిగుతవ్వలేదా అమ్మా?" అని అన్నపూర్ణమ్మను అడిగాను.

"అయినయ్. ఆ దర్జీ వెధవ కొలతలు తప్పు కుట్టాడని రెండుసార్లు తిట్టొచ్చా. తర్వాత సబ్బుపొడి మార్చా, గుడ్డ కుంచించుకుపోతందని."

"మెడ వెనక ఈ నలుపేంటి?"

"మురికమ్మా. శనగపిండి పెట్టి రుద్దతన్నా. పోవట్లా."

అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు చర్మం అలా నల్లబడుతుంది. నర్సమ్మాయిలూ, జడ పక్కకు తీసి మెడ చూడండి. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. పరగడుపు చక్కెర నూట పన్నెండు వచ్చింది. వంద దాటకూడదు. నూట ఇరవై ఆరు దాటితే షుగరే.

లహరి అన్నీ విన్నది. ఆ పిల్ల తెలివి గురించి మీకు చెప్పాలి. వాళ్ళ నాన్న మూడంకెల లెక్క వేళ్ళమీద వేసేలోపు ఈ పిల్ల నోటితో చెప్పేస్తుంది. "పోయిన వారం యాభై మూడున్నర. ఇయ్యాళ అరవై నాలుగూ మూడొందలు. పది కేజీల ఎనిమిదొందలు తేడా. ఏడు రోజుల్లో రాదు. ఎవరో అబద్ధం చెప్పారు" అంది. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, నేను మొదట్లోనే చెప్పా. యాభై అయిదు దాటితే మాత్ర మానేస్తానని. దాటింది. రేపట్నుంచి మాత్ర లేదు."

మానేస్తే ఏమవుతుందో ఆ గదిలో అందరికీ తెలుసు. పైన మా ఫ్యాను తిరుగుతోంది. అన్నపూర్ణమ్మ దానివైపు చూసి లేచి స్విచ్చి ఆపేసింది. మే నెలలో, నరసరావుపేటలో.

మస్తాన్ లెక్క

చెమటలు కక్కుతూ నేనే మాచర్లకు ఫోను చేశాను. శెట్టిగారు స్పీకరు పెట్టమన్నారు.

"మస్తాన్, లహరి తూకం ఎట్లా వేశావయ్యా?"

"ఎట్లా వేస్తానమ్మా? కాటా మీద నిలబెట్టి, దండె మీద గుండు జరిపి, తరుగు తీసి చెప్పా."

మిర్చి బస్తా కొనేటప్పుడు గోతానికీ, కాయలోని తేమకూ కొంత బరువు తీసేసి లెక్క కట్టడం ఇక్కడి పద్ధతి. దాన్నే తరుగంటారు.

"పిల్లకి తరుగేందయ్యా?"

"మొదటి వారం గాజులకీ, బట్టలకీ అరకేజీ తీశా. తర్వాత పిల్ల మొహం ఉబ్బింది. మాత్రలకి నీరు పట్టిందని అమ్మగారే అన్నారు. నీరు సరుకు కాదు గదమ్మా! అందుకని తేమకి తీశా. నీరు పెరిగేకొద్దీ తరుగు పెంచా."

శెట్టిగారు కుర్చీలోంచి లేచారు. "ఒరేయ్ మస్తానూ! క్వింటాకి రెండు కేజీలు తీస్తేనే రైతు మీదికొస్తాడు గదరా! అరవై నాలుగు కేజీల పిల్లకి పదకొండు కేజీలు తీశావంట్రా?"

"పదీ ఎనిమిదొందలు" అన్నాం నేనూ లహరీ ఒకేసారి.

తర్వాత మస్తాన్ గొంతు తగ్గించి అన్నాడు. "శెట్టిగారూ, తేమ సంగతి ఫిబ్రవరి దాకానే. తర్వాత నాకూ అర్థమైంది, అది నీరు కాదని. కానీ పాప యాభై అయిదు దాటితే మాత్ర మానేస్తానన్నది. మానేస్తే మళ్ళీ ఫ్యాను తిట్టుద్ది. అందుకని దాటనీలా."

నాకు నవ్వొచ్చింది. రాకూడని చోట వచ్చే నవ్వు ఆపడం మా వృత్తిలో ముఖ్యమైన విద్య, ఆ రోజు నాకు అది రాలేదు. నేను మొదలుపెట్టాను, లహరి అందుకుంది. ఏడుస్తూనే నవ్వింది. "మస్తాన్ బాబాయ్, నన్ను ఏ రకం మిర్చి కింద రాశావు?" అని అడిగింది. అన్నపూర్ణమ్మ ఫ్యాను మళ్ళీ వేసింది.

అయినా "మాత్ర మాత్రం వేసుకోను" అంది లహరి, కళ్ళు తుడుచుకుని.

డాక్టరుగారి గదిలో

మా డాక్టరుగారు మంచి వైద్యుడు. ఆయనకు ఒకే లోపం. మనసు కుదుటపడితే మెడ కింద ఏం జరుగుతున్నా ఆయన కంటికి ఆనదు. "బాగా పనిచేస్తున్న మందును కదిలిస్తామా సిస్టర్? వాకింగ్ చెప్పండి" అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మందు మారిస్తే మాటలు తిరిగి రావచ్చు. కానీ మార్చకపోతే ఈ పిల్ల రేపటి నుంచే మానేస్తుంది. మానకపోయినా ఇరవై ఏళ్ళు దాటకుండానే షుగరు వచ్చేలా ఉంది.

నేను పుస్తకంలో జిలానీ చీటీ అంటించిన పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. "బాగుంది" అన్న నా అక్షరాలు, నా సంతకం, కింద నాలుగు వందల ఎనభై. ఆయన చాలాసేపు చూశారు. తర్వాత లహరిని పిలిచి, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడారు. బరువు తక్కువ పెంచే మరో మందు ఉంది, దాన్ని మెల్లగా పెంచుతూ దీన్ని మెల్లగా తగ్గిస్తాం, ఆరు వారాలు పడుతుంది, చక్కెర కోసం మెట్‌ఫార్మిన్ కలుపుతాం, మధ్యలో ఏ చిన్న మాట వినపడినా అదే రోజు ఫోను చేయాలి.

నేను నా వంతు చెప్పాను. "తప్పు నాది లహరీ. నాలుగు నెలలు అంకె అడిగాను గానీ నిన్ను చూడలేదు. ఇకమీదట నీ అంకె ముందు నీకే చెప్తాను."

"ఒక్క షరతు" అంది. "నేనొక్కదాన్నే ఎందుకు ఎక్కాలి? మా కొట్లో అందరూ ఎక్కాలి. గట్టిగా అరిచి చెప్పాలి. తరుగు లేకుండా. మొదట మీరు."

అందరూ ఎక్కాలి

జూన్ నుంచి ప్రతి నెలా మొదటి మంగళవారం ఆరు గంటల బస్సుకు మాచర్ల వెళ్ళాను. సంచిలో టేపు, పుస్తకం, నా సొంత ఇరవై కేజీల రాయి. ఆ రాయికి కండక్టరు లగేజీ టిక్కెట్టు కొడతానన్నాడు. కొట్టించుకున్నాను.

మొదటి రోజు కొట్టు ముందు పన్నెండు మంది పోగయ్యారు. నేను ఎక్కాను. మస్తాన్ గుండు జరిపి, యార్డులో అరిచినట్టు అరిచాడు. "డెబ్భై ఒకటీ నాలుగొందలు!"

"అబద్ధం. నేను అరవై తొమ్మిది" అన్నాను.

లహరి నా పుస్తకం లాక్కుని, చివరి పేజీలో నా బరువులు చూసింది. "సిస్టరమ్మా, పక్కన ఇదేంది? 'చెప్పులు, చేతి గడియారం, తాళాలగుత్తి పోను'. తాళాలగుత్తి రెండు కేజీల నాలుగొందలా?"

ఇన్నేళ్ళుగా నేనూ తరుగు తీసుకుంటున్నాను! బజారంతా విరగబడి నవ్వింది. మస్తాన్ మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి నన్ను తన వృత్తిలో మనిషిగా చూడటం మొదలుపెట్టాడు.

శెట్టిగారు తొంభై ఎనిమిది కేజీలు. దిగి గోడవైపు తిరిగి నిలబడ్డారు. మస్తాన్ నలభై ఏడు. "ఏమే, నువ్వూ ఎక్కు" అని శెట్టిగారు భార్యను పిలిస్తే, ఆవిడ కొట్టు వెనక వంటింట్లోకి పోయి నెయ్యి గిన్నె పట్టుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ముందు దీన్ని తుయ్యండి. నెలకి ఎంత మింగుతున్నామో తెలుసుద్ది" అంది. తూచాం. ఆ అంకె రాయను. ఆవిడకు మాటిచ్చాను. నెయ్యి మాత్రం సగమైంది, ఇంటిల్లిపాదికీ. పిల్ల ఒక్కదానికే తగ్గిస్తే అది శిక్ష. అందరికీ తగ్గిస్తే అది వంట.

అంతా సాఫీగా జరిగిందని చెప్పను. కొత్త మందుతో జూన్‌లో పది రోజులు లహరి ఒకచోట కూర్చోలేకపోయింది. కాళ్ళు ఆగవు. మోతాదు తగ్గించారు, దాంతో పాత మాత్ర తగ్గించే పని జులైలోకి సాగింది. జులైలో ఒక సాయంత్రం ఫ్యాను మళ్ళీ ఒక్కసారి పేరుపెట్టి పిలిచింది. పిల్ల మాట నిలబెట్టుకుంది, అరగంటలో ఫోను చేసింది. డాక్టరుగారు పాత మాత్ర తగ్గించడం రెండు వారాలు ఆపి, మళ్ళీ తగ్గించారు. ఫ్యాను ఇక నోరెత్తలేదు. పొద్దున్నే తండ్రీ కూతురూ మస్తానూ ముగ్గురూ నడకకు వెళ్ళేవారు. దారిలో శెట్టిగారు పునుగుల బండి దగ్గర ఆగితే మస్తాన్ భుజం పట్టుకుని లాక్కుపోయేవాడట. యజమానిని అలా లాగే అవకాశం ముప్పయ్యేళ్ళలో మొదటిసారి దొరికిందని నాతో చెప్పాడు.

డిసెంబరు మొదటి మంగళవారం నేను ఉద్యోగంలో ఉండగా వెళ్ళిన చివరిసారి. ఆ నెలాఖరుకు రిటైరయ్యాను. అప్పటికి కాటా వేయడం లహరి నేర్చుకుంది. నన్ను తూచింది, నాన్నను తూచింది. శెట్టిగారు తొంభై మూడు. ఈసారి గోడవైపు తిరగలేదు. చివరికి లహరి తనే ఎక్కి, చేయి చాచి గుండు తనే జరుపుకుంది. నడుము నేను కొలిచాను, ఇరవై తొమ్మిది. అంతకు ముందురోజు చేయించిన పరగడుపు చక్కెర తొంభై నాలుగు.

గుండు ఆగింది. లహరి అంకె చూసింది. యాభై ఏడూ వంద. మే నెల నుంచి ఏడు కేజీల రెండు వందలు తగ్గింది. కానీ యాభై అయిదు కాదు. పిల్ల గీసుకున్న గీతకు రెండు కేజీల వంద ఇంకా పైనే ఉంది. చేతిలో పొద్దుటి మాత్ర ఉంది. నేను పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడ్డాను.

"మస్తాన్ బాబాయ్, తరుగెంత తియ్యమంటావ్?" అంది.

"గ్రాము కూడా తియ్యబాక తల్లీ" అన్నాడు మస్తాన్.

లహరి ఊపిరి నిండా పీల్చుకుని బజారు వైపు తిరిగి, యార్డులో అరిచినట్టు అరిచింది. "యాభై ఏడు కేజీల వంద గ్రాములు!"

ఎదురు కొట్లో లెక్కలు రాసుకుంటున్న పెద్దాయన తల ఎత్తకుండానే కేకేశాడు. "ఏ రకం?"

"అమ్మే సరుకు కాదు!" అని అరిచాడు మస్తాన్.

లహరికి నవ్వు ఆగలేదు. నోట్లో మాత్ర, చేతిలో గ్లాసు. మొదటి గ్లాసు నీళ్ళన్నీ కాటా మీద ఒలికిపోయాయి. రెండో గ్లాసుతో మింగింది. నేను నాలుక ఎత్తించి కూడా చూశాను. టైము తొమ్మిదీ ఇరవై.